పెట్రోలు మీద నెపం

మా గల్లీలో ఎవరి బండి ఆగినా ముందు తిట్లు తినేది పెట్రోలు పోసినవాడు. ఆ తర్వాత బండి అమ్మినవాడు. మూడోవాడు మెకానిక్. నడిపినవాడి వంతు ఎప్పటికో గాని రాదు. తెలుగు మగ్గాలవాళ్లు ఏనాడో వచ్చి స్థిరపడ్డ షోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక గ్యారేజీలో నేను పనిచేసినంత కాలం ఈ వరస మారలేదు. ఇప్పుడు గ్యారేజీ వదిలేశాను. బండి కిందికి దూరడానికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. మాట్లాడడానికి మోకాళ్లతో పని లేదు కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా బతుకంతా ఎక్కువగా గడిచింది పాత ఇంజెక్షన్ బండ్ల మధ్య. కార్బురేటర్ బండి గాలితో పాటు పెట్రోలును తనే పీల్చుకునేది. ఇంజెక్షన్ బండిలో ట్యాంకు లోపల మునిగి ఉండే చిన్న కరెంటు పంపు పెట్రోలును ఒత్తిడితో ఇంజను దాకా తోస్తుంది. అక్కడ కంప్యూటరు చెప్పినంత సేపు ఇంజెక్టర్లు తెరుచుకుంటాయి. కొత్తలో అంతా లెక్క ప్రకారం నడుస్తుంది. పాతబడ్డాక దాని సంగతి ముసలి లెక్కల మాస్టారి సంగతే. తెలివి తగ్గదు, చెవులు తగ్గుతాయి. వైర్లు తుప్పుపడతాయి, రబ్బరు పైపులు బిరుసెక్కుతాయి, తప్పుడు కబురు అందుకుని మాస్టారు తప్పుడు లెక్క చేస్తాడు. మనం వెళ్లి మాస్టారిని మారుస్తాం.

చేత్తో వినడం

తాళం తిప్పగానే, స్టార్టు కొట్టకముందే, ట్యాంకులో పంపు క్షణంసేపు గుయ్‌మని ఆగుతుంది. తాను బతికే ఉన్నానని అది చెప్పే మాట అదొక్కటే. పుస్తకాల్లో 'విని చూడండి' అని ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లు మా గల్లీకి రాలేదు. అటు పక్క మరమగ్గాలు, ఇటు పక్క మరమగ్గాలు, నడుమ మా గ్యారేజీ. పొద్దున మగ్గాలు మొదలైతే పక్క మనిషి మాటే చెవిలో అరిస్తే గాని అందదు. ఇక ట్యాంకులో గుయ్‌మనడం ఎక్కడ వినేది?

మా ఉస్తాద్ మహబూబ్ భాయ్ నాకు చేత్తో వినడం నేర్పాడు. "హాత్ లగా, విఠల్" అని, చెయ్యి ఆనించమని నన్ను బండి కిందికి తోసేవాడు. ట్యాంకు అడుగున అరచేయి ఆనిస్తే పంపు తిరగడం చర్మానికి తెలుస్తుంది. మంచి పంపు సన్నగా, ఒకే తీరుగా వణుకుతుంది. అరిగిన పంపు గరగరలాడుతుంది. నోటికి ఏదైనా అడ్డుపడిన పంపు మూలుగుతుంది. ఇది రాతలో చెప్తే రాదు. పది బండ్ల కింద పడుకోండి, మీ చేతికే వస్తుంది.

అంత చెయ్యి ఉన్న మనిషికి కరెంటు కొలిచే మీటరంటే మాత్రం పడేది కాదు. "మీటర్ ఝూట్ బోల్తా హై", అది చెప్పేదంతా అబద్ధం అనేవాడు. ఒకసారి ఓ డాక్టరుగారి కారు ఆగి ఆగి నడుస్తుంటే పంపు మార్చాడు. ఆగడం ఆగలేదు. ఆ కొత్త పంపే చెడ్డదని ఇంకొకటి తెప్పించాడు. అదీ అంతే. మూడో రోజు వెనక సీటు ఎత్తి ఏదో వెతుకుతుంటే చెయ్యి ఒక బోల్టుకు తగిలి చురుక్కుమంది. పంపు వైరును బాడీకి బిగించే బోల్టు అది. కింద తుప్పు పట్టి, కరెంటు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. పంపుకు కరెంటు వస్తోంది, పోవడానికి తోవ లేదు. పాపం పాతదానితో సహా మూడు పంపులూ మంచివే, మీటరు పెట్టి ఉంటే మొదటి రోజే తేలేది.

ఉస్తాద్ తప్పు ఒప్పుకోలేదు. ఒప్పుకోవడం ఆయనకు రాదు. ఆ సాయంత్రమే మీటరు కొనుక్కొచ్చి నా పెట్టెలో పెట్టి, చాయ్ తాగడానికి పోయాడు. ఆయన గురించి నా తీర్పు ఇది: చేతులు గొప్పవి, మెడ బిరుసు. మీరు ఆ చేతులు తెచ్చుకోండి. మెడ సంగతి ఆయనకే వదిలేయండి.

బండి కంప్యూటరును చదివే స్కానరు గురించీ ఒక మాట. ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ ఉంది. మంచిదే. కాని అది కంప్యూటరుకు ఏమనిపించిందో చెబుతుంది, ఏం జరిగిందో చెప్పదు. 'పెట్రోలు తక్కువ అందుతోంది' అని అది అంటే, ఎందుకు అందడం లేదో కనుక్కోవడం మన పని. అక్కడే చాలామంది ఆగిపోయి, చేతికి అందిన మొదటి జవాబు చెప్పేస్తారు. ఆ జవాబు ఎంత పని చేయగలదో నాకు ఇద్దరు తోడికోడళ్ల వ్యాను నేర్పింది.

అనసూయ, రేణుక

ఊరి బయట కుంభారిలో బీడీ కార్మికులకూ మగ్గం కార్మికులకూ కట్టిన కొత్త కాలనీకి మారిన ఇళ్లలో వాళ్లదీ ఒకటి. పెద్దకోడలు అనసూయ, చిన్నకోడలు రేణుక. కాలనీ ఆడవాళ్లు ఇంట్లో చుట్టిన బీడీలను పొద్దున్నే కొంతం చౌక్ దగ్గరి బీడీ కంపెనీ బ్రాంచిలో ఇచ్చి, మళ్లీ ఆకు, తంబాకు తెచ్చుకోవాలి. ఆలస్యమైతే బ్రాంచి కిటికీ మూసేస్తారు, బీడీల బుట్ట వెనక్కి మోసుకుపోవాలి. బస్సు తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. అందుకని ఇద్దరూ కలిసి ఒక పాత ఇంజెక్షన్ వ్యాను కొన్నారు. రేణుక డ్రైవింగు నేర్చుకుంది. ఎవరు ఎక్కాలో, ఎవరు ఎక్కడ దిగాలో అనసూయ చూసుకునేది. బండి బాగా నడిచింది, ఆగడం మొదలుపెట్టేదాకా.

నా దగ్గరికి రాకముందే ఇంకో గ్యారేజీకి తీసుకుపోయారు. వాళ్లు ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు, బండిని చౌక్ దాకా తిప్పి తెచ్చి, "పెట్రోల్ కల్తీ" అని చెప్పి పంపించారు.

మా పనిలో ఇంత సులువైన మాట ఇంకోటి లేదు. దానికి రుజువు అక్కర్లేదు. జవాబు చెప్పడానికి బంకువాడు ఎదురుగా ఉండడు. కాని ఆ పెట్రోలును ఎవరో ఒకరు కొని తెచ్చి ఉంటారు కదా. ఆ మనిషి మాత్రం ఎదురుగానే ఉంటుంది.

అనసూయ గ్యారేజీలోకి వస్తూనే అంది. "విఠలన్నా, బండి జూడకు. పెట్రోల్ జూడు. సస్తా దొర్కుతదని ఈమె రోడ్డు పక్కన అమ్మే సీసల పెట్రోల్ పోయిస్తున్నది."

రేణుక బండి దిగి తలుపు పట్టుకుని నిలబడింది. "కాకా, నేను సీస ముట్టనే లేదు. రోజూ పోయించే కాడనే పోయిస్తున్న."

"మరి ఆ గ్యారేజాయనకు నీ మీద ఏం పగ? కల్తీ అని ఆయననే అన్నడు గద."

"ఆయన ఎవలు పోసిండ్రని అన్నడా అక్కా? కల్తీ అన్నడు, గంతే."

"నువ్వు గాకపోతె ఎవలు పోస్తరే?"

ఇద్దరూ అరవలేదు. అరిచి ఉంటే నాకు భయం ఉండేది కాదు. అంతకుముందు ఎన్నోసార్లు అరుచుకుని సర్దుకున్నవాళ్లే. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. అనసూయ నా వైపు తిరిగి, "ఇగ గాడీ అమ్మేస్తం అన్నా. పొయ్యి గూడ వేరే పెట్టుకుంటం. అంతా అయిపోయింది" అంది. ఈ మాటలే కాదు, సీసా మాట కూడా ఆమె వ్యానులో ఆడవాళ్లందరి ముందూ అప్పటికే అనేసిందట. రేణుక నాతో ఆ తర్వాత చెప్పింది. "ఇంట్ల అంటె పడుదును కాకా. అందరి ముంగట దొంగను చేసింది."

కాగితం మీద చుక్క

ముందు పెట్రోలు సంగతి తేల్చాలనుకున్నాను. పంపు ఫ్యూజు తీసేసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడిపాను. అప్పటికి పైపులో ఒత్తిడి చస్తుంది. ఆ తర్వాత బ్యాటరీ వైరు విప్పి, గుడ్డ అడ్డుపెట్టి, అప్పుడు పైపు ఊడదీయాలి. ఇది చేయకపోతే వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్ముతుంది. నా రాతలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి మరవకండి.

ఫిల్టరు కాగితం మీద ఆ పెట్రోలు చుక్క ఒకటి వేశాను. పక్కనే ఇంకో కాగితం మీద, సామాన్లు కడిగే కిరోసిన్ కలిపిన పెట్రోలు చుక్క వేశాను. ఇద్దరినీ దగ్గరికి పిలిచాను. కాసేపటికి మొదటి చుక్క ఆరి, కాగితం తెల్లగా మిగిలింది. రెండోదాని మీద జిడ్డు మరక గుండ్రంగా ఉండిపోయింది.

"కల్తీ అయితే ఇట్ల మరక ఉంటది" అన్నాను. "మీ పెట్రోల్ మంచిగనే ఉన్నది."

రేణుక కాగితం తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. అనసూయ ఊరుకోలేదు. "గట్లయితే గాడీ ఎందుకు ఆగుతున్నదో చెప్పు మరి."

"అది నాకింకా తెల్వదక్కా."

ఈ మాట అనడానికి సిగ్గుపడకండి. ఆ గ్యారేజీ ఆయన ఈ ఒక్క మాట అని ఉంటే వాళ్ల ఇంట్లో గొడవ పొయ్యి వేరు పెట్టుకునేదాకా పోయేది కాదు.

నర్సవ్వ టిక్లీ

ఇంజనుకు పోయే పైపులో ఒత్తిడి చూపే గేజీ బిగించాను. దాని గొట్టాన్ని బయటినుంచి తెచ్చి, గేజీని ముందు అద్దానికి బయట టేపుతో అంటించాను. ముల్లు లోపలికి కనబడాలి, పెట్రోలు మాత్రం లోపలికి రాకూడదు. పంపు వైర్లకు మీటరు కూడా తగిలించి, రేణుకను పక్కన కూర్చోబెట్టుకుని అశోక్ చౌక్ అంతా తిప్పాను. ముల్లు కదలలేదు. బండి బంగారంలా నడిచింది.

అప్పుడు గాని ముందే అడగాల్సిన ప్రశ్న అడగలేదు. "ఇది ఎన్నడెన్నడు ఆగుతది బేటా?"

రేణుక ఆలోచించింది. "పొద్దుగాల వచ్చేటప్పుడే కాకా. పొయ్యేటప్పుడు ఎన్నడూ ఆగలే. పొయ్యేటప్పుడు సగం మంది బజార్ల దిగిపోతరు."

పొద్దున బండి నిండా మనుషులు, పైగా ఊళ్లోకి వచ్చే దారిలో ఒక చడావు, ఎత్తుకు ఎక్కే రోడ్డు. ఆ గ్యారేజీ వాళ్లు ఖాళీ బండి తిప్పి చూశారు. నేనూ అదే చేశాను. రోగం రావాలంటే బరువు కావాలి.

మర్నాడు పొద్దున కుంభారిలోనే వ్యాను ఎక్కాను. ఎంతమంది ఎక్కారో చెప్పను, చదివేవాళ్లలో పోలీసులు ఉండవచ్చు. బుట్టలు ఒళ్లో, సంచులు కాళ్ల దగ్గర. రేణుక నడుపుతోంది. నాకూ ఆమెకూ నడుమ నర్సవ్వ అని ఒక ముసలామె ఇరుక్కుని కూర్చుంది. అనసూయ వెనకెక్కడో ఉంది.

"బిడ్డా, గీ ముల్లు ఏడుండాలె?" అని నర్సవ్వ అడిగింది.

నేను వేలు పెట్టి చూపించాను. ఆమె వెనక్కి తిరిగి, వెనక సీటామె నుదుటి మీది టిక్లీ పీకి, అద్దం మీద సరిగ్గా అక్కడ అంటించింది. "బరోబర్ ఉన్నదా? ఇగ నేను జూస్తుంట. నువ్వు నీ పని జూస్కో."

దారి పొడుగునా ఆమె గొంతే. "టిక్లీ కాడనే ఉన్నది... ఉన్నది... ఏం గాలే." వెనకనుంచి ఆడవాళ్లు, "అవ్వా, ఇప్పుడు?" అని అడుగుతుంటే క్రికెట్టు స్కోరు చెప్పినట్టు చెబుతోంది. చడావు మొదలైంది. రేణుక గేరు తగ్గించింది. నర్సవ్వ ముందుకు వంగింది.

"దిగుతున్నది! ముల్లు దిగుతున్నది బిడ్డా! పడె, పడె, పడె!"

బండి రెండుసార్లు దగ్గినట్టు కుదిపి ఆగిపోయింది. నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. ఆలస్యమవుతోందని తిడుతున్న ఆడవాళ్ల మధ్య సంతోషంగా ఉన్న ఒకే ఒక్క మనిషిని నేనే. ముల్లు పడుతున్నా మీటరులో కరెంటు సరిగ్గానే ఉంది. పంపుకు కరెంటు అందుతోంది, అయినా పెట్రోలు తోయలేకపోతోంది. దిగి ట్యాంకు కింద అరచేయి పెట్టి, రేణుకను తాళం తిప్పమన్నాను. పంపు మూలిగింది. కాసేపు ఊరుకున్నాక మళ్లీ తిప్పమంటే బండి మామూలుగా స్టార్టు అయింది. ముల్లు టిక్లీ దగ్గరికి వచ్చింది.

అంటే పంపు నోటి దగ్గర ఏదో అడ్డుపడుతోంది. బరువు లాగేటప్పుడు ఇంజను ఎక్కువ పెట్రోలు అడుగుతుంది, పంపు గట్టిగా పీలుస్తుంది, ఆ అడ్డు వచ్చి జల్లెడకు అతుక్కుంటుంది. పంపు ఆగితే వదులై తేలిపోతుంది. ఖాళీ బండిలో ఇది ఎన్నటికీ దొరకదు.

జల్లెడ

ఆ మధ్యాహ్నమే ట్యాంకు దించాను. రేణుక తన కూతురి బడికి వెళ్లాల్సి ఉండి వెళ్లింది. అనసూయ ఉంది. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ గ్యారేజీ గడపలో కూర్చుంది. ఆమె చేతులకు కళ్లతో పని లేదు, కళ్లు నా పని మీదే ఉన్నాయి.

పంపు బయటికి తీశాను. దాని నోటికి ఉండే చిన్న జల్లెడ మీద దూది పొరలా పీచు చుట్టుకుని ఉంది. వేలితో లాగితే పొడుగ్గా వచ్చింది. తుప్పు కాదు, మట్టి కాదు. నూలు. మా నాన్న మగ్గం మీద బతికినవాడు, ఆ మాత్రం నాకు తెలుసు. అక్కడక్కడ గులాబీ రంగు పోగు, ఆకుపచ్చ పోగు.

అనసూయ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. ఒక పోగు తీసుకుని వేళ్ల మధ్య నలిపింది.

"ఇది మా ఇంటి టవలన్నా" అంది చివరికి.

పెట్రోలు పోయించిన చోట ట్యాంకు మూత ఎవరో మరిచిపోయారట. కొత్త మూత దొరికేదాకా దుమ్ము పడకూడదని ఆమే ఒక పాత టవలు ముక్క చుట్టి, మూతిలో కుక్కింది. "మూత వచ్చినంక తీసి పడేసిన. తీసినప్పుడు సగం చీకిపోయి ఉండె. మిగిలింది ఎటు పోయిందని అనుకోలే."

నేను జల్లెడ మార్చడానికి సామాను తీస్తున్నాను. ఆమె గొంతు తగ్గించింది.

"అన్నా, ట్యాంకుల చెత్త ఉండె అని చెప్తె సాలదా?"

మెకానిక్‌ను ఇలాంటివి చాలామంది అడుగుతారు. కొడుకుకు చెప్పకు, భార్యకు చెప్పకు, ఓనరుకు చెప్పకు. నా పద్ధతి ఎప్పుడూ ఒకటే. నేను బండి సంగతి చెబుతాను, మనుషుల సంగతి చెప్పను. అడిగితే మాత్రం అబద్ధం ఆడను.

"చెత్త అనే చెప్త అక్కా. అది అబద్ధం గాదు. ఎక్కడి చెత్త అని రేణుక అడిగితె మాత్రం, మీ అక్కను అడుగు అంట."

ఆమె తలూపి, పోయి చాట ముందు కూర్చుంది. ఆ తర్వాత బీడీలు చుట్టిందో లేదో నేను చూడలేదు. ట్యాంకు కడిగి, కొత్త జల్లెడ వేసి, బిగించేసరికి రేణుక వచ్చింది. "ఏముండె కాకా?" అంది. "పంపు నోట్ల చెత్త పడ్డది. తీసేసిన. రేపు నిండు బండితో చడావు ఎక్కితే గాని అయినట్టు గాదు" అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. తన తప్పు కాదని కాగితం మీద ముందే తేలింది. అయినా ఆమె మొహం తేటపడలేదు. అందరి ముందూ పడిన మాట గ్యారేజీలో కడిగితే పోదు కదా.

చడావు దాటాక

బాగుచేశాక, రోగం ఎక్కడ వచ్చిందో అక్కడికే తీసుకుపోయి చూడండి. పొద్దున మళ్లీ కుంభారిలో ఎక్కాను. అదే గేజీ, అదే టిక్లీ, అదే నర్సవ్వ. బండి నిండింది. ఈసారి చడావు మొదలవగానే అందరూ మాటలు ఆపేశారు. రేణుక గేరు తగ్గించి నొక్కింది. ముల్లు టిక్లీ మీద కూర్చుని కదలలేదు. పైదాకా వచ్చేశాం.

"నిలబడ్డది!" అని నర్సవ్వ అరిచింది. వెనక నవ్వులు, మాటలు మొదలయ్యాయి. ఆ గోలలో అనసూయ గొంతు వినిపించింది.

"జర ఆగుండ్రి. నేనొక మాట చెప్పాలె."

గోల తగ్గింది. నేను వెనక్కి తిరగలేదు.

"పెట్రోల్ మంచిగనే ఉండె. రేణుక సీసల పెట్రోల్ పోయలే. ట్యాంకుల టవల్ గుడ్డ కుక్కింది నేనే. దాని పీచు పోయి అడ్డంపడ్డది. తప్పు నాది. మీ అందరి ముంగట దీన్ని అన్న, అందుకే మీ అందరి ముంగట చెప్తున్న."

ఇంజను చప్పుడు ఒక్కటే. నర్సవ్వే నోరు తెరిచింది. "గీ మాట చెప్పనీకె ఇంత చడావు ఎక్కాల్నానే?" అంది. ఎవరో నవ్వారు, ఇంకెవరో నవ్వారు.

రేణుక నవ్వలేదు, తిరిగి చూడలేదు. రోడ్డు మీదే కళ్లు పెట్టి నడుపుతోంది. అశోక్ చౌక్‌లో నేను దిగాలి. నన్ను దింపడం ఆమె మరిచిపోయింది. నేనూ గుర్తు చేయలేదు. కొంతం చౌక్ వచ్చింది. బ్రాంచి మలుపు కూడా దాటిపోయింది. అప్పుడు బండంతా ఒక్కసారి గోలపెట్టింది. "అగో, మలుపు పోయె! రేణుకా, మలుపు పోయె!"

ఆమె ఉలిక్కిపడి బ్రేకు కొట్టింది. ముందు రిక్షాలు, వెనక రిక్షాలు, ఒక టెంపో హారను. తిప్పడానికి జాగా లేదు, వెనక్కి తీసుకోవాలి. రేణుక వెనక్కి చూసింది. బుట్టలూ తలలూ తప్ప ఏమీ కనబడి ఉండదు.

పక్క తలుపు జరిగిన చప్పుడైంది. అనసూయ దిగింది. కొంగు నడుముకు దోపుకుని నడిరోడ్డు మీద నిలబడి, టెంపోవాడికి చెయ్యి అడ్డం పెట్టింది. వాడు ఏదో అంటే, "థాంబ్ రే!" అని, ఆగమని మరాఠీలో గద్దించింది. వాడు ఆగిపోయాడు. అప్పుడు మా వైపు తిరిగి, రెండో చెయ్యి ఊపుతూ పిలవడం మొదలుపెట్టింది.

"రా రేణుకా. ఇంకా రా... రా... భయపడకు, నేనున్న."

రేణుక రివర్సు గేరు వేసి, అద్దంలో ఆమెను చూస్తూ, బండిని మెల్లగా వెనక్కి తీసింది.